ఆంటీ కొట్టెయ్యని అంకె

పోయిన నెలలో ఒక ఈమెయిల్ వచ్చింది. నా చిన్నప్పుడు మేం మూడేళ్లు ఉన్న ఊళ్లోని చిన్న మ్యూజియం నుంచి. ఊరి చరిత్ర పుస్తకం వేస్తున్నారట, పాత కుటుంబాల గురించి తలా ఒక పేజీ. "మీ నాన్నగారు ఇక్కడ డాక్టరుగా చేశారు కదా. ఈవిడ మీకు గుర్తుంటే, చెప్పవలసినది ఏమైనా ఉంటే రాయండి" అని ఒక పేజీ జత చేశారు. ఆ పేజీ ఆంటీ గురించి.

అందులో చాలా సంగతులు సరిగానే ఉన్నాయి. యుద్ధం అయ్యాక ఇంగ్లండ్ నుంచి పెళ్లికూతురిగా ఓడలో రావడం, భర్త ట్రాక్టరు కింద పడి పోవడం, ఒక్కతే గోధుమ వేసుకుని బతకడం, ముప్పై ఏళ్ల పాటు రోజూ వాన కొలిచి రాయడం. చివర ఒక వాక్యం ఉంది. "పెద్దవయసులో మనసు నిలకడగా లేక, కురవని వానలు కురిసినట్టు రాసేవారు."

ఆవిడ మనసు ఎప్పుడూ నిలకడగానే ఉంది. కురవని వాన ఒక్కటే. ఆ నీళ్లు పోసింది నేను.

నేనిప్పుడు అమెరికాలోనే, మోరిస్‌విల్‌లో ఉంటాను. ఇక్కడ వాన వస్తే ఎవరూ కిటికీ దగ్గరికి కూడా వెళ్లరు. గరాజ్ నుంచి కార్‌లో, కార్ నుంచి ఆఫీస్‌కి. తడిసే పని లేదు. మేమున్న ఆ ఊళ్లో మాత్రం మనుషులు కలిస్తే మొదట అడిగేది ఆరోగ్యం గురించి కాదు, "మీ దగ్గర ఎంత పడింది?" అని.

అది గోధుమ పండే మైదానం. కొండ లేదు, చెట్టు లేదు. ఇంటి మెట్ల మీద నిలబడితే మూడు మైళ్ల అవతల వచ్చే ట్రక్కు రేపే దుమ్ము కనిపించేది. అక్కడి ఆసుపత్రికి ఈ దేశపు డాక్టర్లు ఎవరూ రామన్నారు కాబట్టి మా నాన్నని తీసుకున్నారు. ఆ చుట్టుపక్కల తెలుగు మాట్లాడేది మేం ముగ్గురమే. అమ్మ మొదటి చలికాలమంతా కర్టెన్లు వేసుకునే కూర్చుంది. బయట ఏమీ లేని తెల్లదనాన్ని చూడలేననేది.

ఆంటీ మా ఇంటికి మొదట వచ్చింది నాన్న పేషెంటుగా, బిల్లుకి తోడు ఒక బుట్ట గుడ్లతో. అమ్మ మర్యాదకి టీ పెట్టింది. అక్కడివాళ్లకి టీ ఇస్తే పాలు చూసి ముఖం అదోలా పెట్టేవారు. ఈవిడ కప్పు అందుకుని ఒక గుక్క తాగి, ఇంకో గుక్క తాగి, "పాలు కాచి పోశారు" అంది. కప్పు అడుగుదాకా తాగింది. వెళ్లేటప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని, "మళ్లీ రావచ్చా?" అని అడిగింది.

"ప్లీజ్ కమ్ అండీ," అంది అమ్మ. ఇంగ్లీషు మాటకి కూడా అమ్మ అండీ తగిలించేది.

నన్ను ఆంటీ అని పిలవమంది అమ్మ. బడిలో పిల్లలు నవ్వారు, అక్కడ అలా పిలవరు కదా. ఆవిడకి మాత్రం ఆ పిలుపు నచ్చింది. వాళ్ల ఊళ్లో కూడా చిన్నపిల్లలు పక్కింటావిడని ఆంటీ అనేవారట. "ఓడ దిగాక ఇదే మొదటిసారి వినడం," అంది.

వేసవి మొదట్లో ఆవిడ మా ఇంటి మెట్ల మీద ఒక కట్ట రూబార్బ్ పెట్టి వెళ్లింది. ఎర్రటి కాడలు, ఏనుగు చెవులంత ఆకులు. అమ్మ కాడ కొరికి చూసి, కళ్లు మూసుకుని, "గోంగూర పులుపేరా," అంది. గోంగూర అన్నాక ఆకు కదా వండాలి. కాడలన్నీ విరిచి చెత్తబుట్టలో పారేసి, ఆకులు కడిగి, తరిగి, మూకుట్లో వేసి స్టవ్ ముట్టించబోతోంది. ఆ టైమ్‌కే ఆంటీ గుడ్ల బుట్ట కోసం తిరిగి వచ్చింది. వచ్చినావిడ వచ్చినట్టే అమ్మ మణికట్టు పట్టుకుని, మూకుడు తీసి సింకులో బోర్లించింది.

"ఆకు విషం. కాడ తినాలి."

ఆ తరవాత ఇద్దరూ చెత్తబుట్టలోంచి కాడలు ఏరుకుని కడిగారు. అమ్మ కందిపప్పులో వేసి ఉడికించి, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి పోపు పెట్టింది. ఇల్లంతా ఇంగువ వాసన. ఆంటీ చెంచాతో తిని, కళ్లలో నీళ్లు తుడుచుకుంటూ, "మేం దీంతో పంచదార వేసి స్వీట్ చేసుకుంటాం," అంది.

"అయ్యో, పంచదారాండీ?" అంది అమ్మ జాలిగా.

ఆవిడ మళ్లీ వడ్డించుకుంది.

వాళ్లిద్దరూ బఠానీలు వలుస్తూ మాట్లాడుకునేవారు. నేను బల్ల కింద కూర్చుని వినేవాణ్ణి, పచ్చి బఠానీలు దొంగిలిస్తూ. వాళ్ల ఊరికి వచ్చిన అమెరికన్ సోల్జర్ని చేసుకుంది ఆంటీ. "మా దగ్గర కంటికి కనిపించినంత మేరా నేలే అన్నాడు. అబద్ధం ఆడలేదు. ఇంకేమీ ఉండదని మాత్రం చెప్పలేదు," అనేది. వచ్చేసరికి రెండు గదుల చెక్క ఇల్లు. మొదటి మంచు తుఫానులో, కొట్టం దాకా వెళ్లి రావడానికి ఇంటి గుమ్మానికి తాడు కట్టారట. తాడు వదిలితే ఇల్లు కనిపించక పెరట్లోనే చచ్చిపోతారు. అత్తగారు ఒక ఏడాది మాట్లాడలేదు. చర్చిలో ఆడవాళ్లు ఆవిడ మాట తీరుని అనుకరించి నవ్వుకునేవారు. ఇరవై ఏళ్లప్పుడు "ఆ ఇంగ్లీషు పిల్ల". నేను చూసేటప్పటికి "ఆ ఇంగ్లీషు ముసలమ్మ". మధ్యలో పేరుతో పిలిచిన వాళ్లు తక్కువ.

వాన కొలిచే డబ్బా మొదట భర్తకి ఇచ్చింది సర్కారు వాతావరణ ఆఫీసు. పైన గరాటు, లోపల సన్నటి ఇత్తడి గొట్టం. పొద్దున్నే ఏడింటికి కొలత పుల్ల గొట్టంలో దించి, ఎంతవరకు తడిసిందో చూసి పుస్తకంలో రాయాలి. భర్త పోయాడు. ఖననం రోజున కూడా ఏడింటికి నల్ల గౌనులోనే వెళ్లి పుల్ల దించింది. ఆ తరవాత ఆవిడ పేరుతోనే ఉంచారు. రాసిన అంకె టౌన్‌లోని రేడియోకి ఫోన్ చేసి చెప్పేది. వాళ్లు పొద్దుటి వార్తల్లో చదివేవారు. రైతులు ఆవిడకి ఫోన్ చేసి, "ఎంత పడింది?" అని అడగడం మొదలుపెట్టారు. "అంతకు ముందు నా ఫోన్ మోగేది కాదు," అంది ఒకసారి అమ్మతో. చెల్లెలి కూతురి పెళ్లికి ఇంగ్లండ్ రమ్మని టికెట్ పంపితే వెళ్లలేదు. డబ్బా ఎవరు చూస్తారని.

ఆ వేసవిలో వానలు పడలేదు. అమ్మకి అప్పుడు ఏడో నెల. ఏదో తేడా వచ్చి మూడు గంటల దూరంలోని సిటీ ఆసుపత్రిలో పెట్టారు. నాన్న డ్యూటీకీ సిటీకీ మధ్య తిరుగుతున్నాడు. నన్ను ఆంటీ ఇంట్లో వదిలారు. నాకు తొమ్మిదేళ్లు.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ చెప్పగలను. కోళ్ల మేత, టీ ఆకు, ఉడకబెట్టిన బట్టలు, వాటి అన్నిటి మీదా దుమ్ము. కిటికీల సందుల్లో తడి తువ్వాళ్లు కుక్కేది. అయినా పొద్దున లేచేసరికి బల్ల మీద వేలితో పేరు రాసేంత దుమ్ము. నేను రోజూ రాసేవాణ్ణి, ఆవిడ రోజూ తుడిచేది. బిస్కెట్ టీలో ఎంతసేపు ముంచితే విరగదో నేర్పింది. పంటలు ఎండిపోయి చీపురు పుల్లల్లా ఉన్నాయి. గాలికి అవి గరగరమనేవి.

ఏడింటికి భర్త టోపీ పెట్టుకుని డబ్బా దగ్గరికి వెళ్లేది, వెనక నేను. పుల్ల దించడం నాకు నేర్పింది. రెండు రూల్స్ చెప్పింది. ఒకటి, డబ్బాలో ఉన్నదే రాయాలి. రెండు, తప్పు రాస్తే చెరపకూడదు. కింద అంకె కనిపించేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పేరు పొడి అక్షరాలు వెయ్యాలి. పుస్తకంలో వరసగా సున్నాలు. నలభై దాకా నేనే లెక్కపెట్టాను.

ఒకరోజు నేను ముందు పరిగెత్తి పుల్ల దించి, లోపలికి వచ్చి, "రెండు సెంట్లు," అన్నాను. అంగుళంలో వందో వంతుని అలా అనేవాళ్లం. వంటింట్లో ఆవిడ మరిది కాఫీ తాగుతున్నాడు. పక్క పొలం ఆయనదే. వదినని "ఇంగ్లండ్" అని పిలిచేవాడు. ఆంటీ బయటికి వెళ్లి చూసి వచ్చింది.

"పొడిగా ఉంది. ఎందుకలా చెప్పావు?"

ఆవిడ మొహం సంతోషంగా ఉంటే చూడాలనుకున్నానని ఎలా చెప్పను?

"ఉన్నది చెప్పు. నీకు కావలసింది చెప్పకు," అంది. గొంతు పెంచలేదు గాని మరిది ముందు అంది.

"డాక్టరుగారి కొడుకు కదా. వానకి కూడా ప్రిస్క్రిప్షన్ రాసేస్తున్నాడు," అని ఆయన నవ్వాడు. రెండు కప్పుల కాఫీ అయ్యేదాకా ఆ మాటే తిప్పి తిప్పి అన్నాడు.

ఇక్కడ నిజం చెప్పాలి. పెళ్లయిన కొత్తలో ఈ కథ నా భార్యకి చెప్పినప్పుడు, ఆంటీ సంతోషం కోసమే నీళ్లు పోశానని చెప్పాను. సంతోషం కోసం చేసింది పొద్దుటి అబద్ధం. సాయంత్రం పోసిన నీళ్లు కోపంతో పోసినవి. అంత ఖచ్చితమైన మనిషి కూడా తప్పు రాయాలి, మరిది ఆవిణ్ణి కూడా చూసి నవ్వాలి. నాకు కావలసింది అది.

ఆ సాయంత్రం పడమట మబ్బు పట్టింది. ఆంటీ మెట్ల మీదికి వచ్చి నిలబడింది. నాలుగు చినుకులు పడ్డాయి. దుమ్ములో గుంటలు పడి, మట్టి వాసన లేచి, అంతలోనే మబ్బు పక్కకి పోయింది. ఆవిడ కోళ్లని మూయడానికి వెళ్లింది. నేను పంపు దగ్గర జగ్గు నింపి గరాటులో పోశాను. చాలలేదనిపించి సగం జగ్గు మళ్లీ పోశాను. చప్పుడు కూడా కాలేదు.

పొద్దున ఆవిడ పుల్ల తీసి చాలాసేపు చూసింది. తుడిచి మళ్లీ దించింది. తరవాత వంగి, అరచెయ్యి నేలకి ఆనించింది. లేచి నా వైపు తిరిగింది.

"దీన్ని ముట్టుకున్నావా?"

"లేదు ఆంటీ."

"నిజంగా?"

"నిజంగా."

"సరే," అంది. లోపలికి వెళ్లి రాసింది. ఒకటి పాయింటు ఏడు అంగుళాలు. ఫోన్ తీసుకుని చెప్పింది. అవతలివాడు మళ్లీ అడిగినట్టున్నాడు. మళ్లీ చెప్పింది.

అక్కడ వాన ఒక పొలంలో పడి పక్క పొలంలో పడకపోవడం మామూలే. అందుకే అందరూ నమ్మారు. తొమ్మిదింటికల్లా పెరట్లో ఏడెనిమిది ట్రక్కులు. ఊరికే చూసి పోదామని వచ్చినవాళ్లు, వేరేవాళ్ల పొలంలో పడిన వానైనా కళ్లారా చూద్దామని. ఒకాయన భార్యని, పసిపిల్లని కూడా తెచ్చాడు. మరిది పార తెచ్చి డబ్బా పక్కనే తవ్వాడు. పైన చినుకుల గుంటలు. రెండంగుళాల కింద బూడిదలా పొడి మట్టి. ఆయన దాన్ని పిడికిట్లోకి తీసుకుని వేళ్ల సందుల్లోంచి జార్చాడు.

"ఏం ఇంగ్లండ్, వాన ఎక్కడ దాచావు?"

కొందరు నవ్వారు. పసిపిల్లతో వచ్చినాయన నవ్వలేదు. టోపీ పెట్టుకుని ట్రక్కు ఎక్కాడు. ఆయన మొహం గుర్తొస్తే ఇప్పటికీ నాకు తల ఎత్తాలనిపించదు.

ఆంటీ మెట్ల మీద నిలబడి నన్ను ఒక్కసారి చూసింది. రెండోసారి అడగలేదు. ట్రక్కులు వెళ్లాక వంటింట్లో తలుపు వేసుకుని ఎవరికో ఫోన్ చేసింది, రెండు నిమిషాలు కూడా కాదు. ఆఫీసుకనుకున్నాను. బయటికి వచ్చి నాకు టీలో బిస్కెట్ ఇచ్చింది, ఎప్పటిలాగే.

ఊళ్లో అది సామెతలా తయారైంది. రాని మనిషిని, దొరకని వస్తువుని "ఇంగ్లీషు వాన" అనేవారు. బార్బర్ షాపులో నా ముందే అన్నారు. రేడియోవాడు ఆవిడ అంకె చదవడం మానేశాడు.

రెండు వారాలకి సర్కారు ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు, మంచిగానే మాట్లాడాడు. నేను బల్ల కిందే ఉన్నాను, బఠానీల బుట్టతో.

"పొరపాటు అందరికీ వస్తుందమ్మా. ఆ అంకె మీద ఒక గీత కొట్టండి. డబ్బా మీ దగ్గరే ఉంటుంది."

"నేను చూసింది రాశాను."

"నేల పొడిగా ఉంది కదమ్మా."

"నేల సంగతి నాకూ తెలుసు. ఆ పొద్దున చేత్తో చూశాను."

"మరి కొట్టెయ్యండి. అంతేగా."

"కొట్టెయ్యడానికి నా దగ్గర కారణం లేదు," అంది ఆంటీ.

కారణం బల్ల కింద ఉంది. నోట్లో బఠానీలు ఉన్నాయి. నమలడం ఆపేశాను, చప్పుడు వినిపిస్తుందని. ఆవిడ బూట్లు నాకు ఎదురుగా కనిపిస్తున్నాయి, లేసులు నీటుగా ముడివేసి. మొండితనం అనుకున్నాను. పెద్దవాళ్ల మొండితనం వల్ల వచ్చింది గదా, నా తప్పేముందని కూడా అనుకున్నాను.

డబ్బా తీసి మరిది పెరట్లో పెట్టారు. అది ఉన్నచోట పాలిపోయిన గడ్డి గుండ్రంగా మిగిలింది. ఆంటీ అయినా ఏడింటికి టోపీ పెట్టుకుని గుమ్మందాకా వచ్చేది. నిలబడి, టోపీ తీసి మేకుకి తగిలించి, లోపలికి వెళ్లేది. నేను వెనక వెళ్లడం మానేశాను.

అమ్మ ఒట్టి చేతులతో ఇంటికి వచ్చింది. తమ్ముడు పుట్టి ఒక రోజే ఉన్నాడు. మా ఇంట్లో ఆ తరవాత ఎవరూ వాన గురించి, దేని గురించీ మాట్లాడలేదు. ఆంటీ వచ్చి అమ్మ పక్కన కూర్చునేది. టీ ఆవిడే పెట్టేది, పాలు కాచి. చలికాలం రాకముందే నాన్నకి మిషిగన్‌లో ఉద్యోగం దొరికి ఫార్మింగ్టన్ హిల్స్ వెళ్లిపోయాం. బయల్దేరే రోజు ఆంటీ రూబార్బ్ దుంప ఒకటి తవ్వి, తడి న్యూస్ పేపర్లో చుట్టి అమ్మకి ఇచ్చింది. నా తల నిమిరింది. నేను కార్‌లో ముందే ఎక్కి కూర్చున్నాను.

ఆ దుంప మిషిగన్‌లో ఏటా చిగిర్చింది. అమ్మ ఏటా పప్పు చేసింది. నాకు పులుపు పడదని చెప్పి తినేవాణ్ణి కాదు. క్రిస్మస్‌కి ఆంటీ దగ్గర్నుంచి కార్డు వచ్చేది, ఒక ఏడాది నుంచి ఇక రాలేదు.

మ్యూజియం ఆవిడకి జవాబుగా ఒక్కటే అడిగాను, ఆ వాన పుస్తకాలు మీ దగ్గర ఉన్నాయా అని. ఉన్నాయట. ఆ వేసవి పేజీ స్కాన్ చేసి పంపింది. కింద ఒక ప్రశ్న: "ఇందులో ఉన్న అబ్బాయి మీరేనా?"

సున్నాల వరస మధ్య ఆ అంకె ఉంది. గీత లేదు. పక్కన వివరాల గడిలో, అన్ని రోజులూ ఖాళీగా ఉండే గడిలో, సన్నటి అక్షరాలు. "నేల తడవలేదు. డాక్టరుగారి అబ్బాయిని అడిగాను, ముట్టుకోలేదన్నాడు. అందుకని ఉన్నది రాస్తున్నాను." దాని కింద, వేరే సిరాతో: "వాళ్లమ్మని కూడా అడిగాను."

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. స్టోర్ నుంచి తెచ్చిన తోటకూర గిల్లుతూ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఉంది. లాప్‌టాప్ పక్కన పెట్టి మొత్తం చెప్పాను, జగ్గు దగ్గర్నుంచి. ఆపకుండా వింది.

"ఆవిడ ఫోన్ చేసింది," అంది చివరికి. "నర్సు రిసీవర్ చెవి దగ్గర పెట్టింది. ఒక్క మాట అడుగుతాను, మీ అబ్బాయి అబద్ధం ఆడతాడా అంది. నువ్వేం అల్లరి చేశావో అనుకున్నా. మావాడు అబద్ధం ఆడడండీ అన్నా. థాంక్యూ అని పెట్టేసింది. ఎందుకడిగిందో ఇన్నాళ్లూ తెలీదు."

ఒక కాడ గిల్లి మళ్లీ అంది, "ఒక్క క్షణం కూడా ఆలోచించలేదురా. చాలా గొప్పగా చెప్పా."

అమ్మ కాడలు ఒక పక్కకి, ఆకులు ఒక పక్కకి పెట్టడం మొదలుపెట్టింది.

"రాయి. ఇప్పుడే కూర్చుని రాయి," అంది.

ఇంగ్లీషులో పది లైన్లు రాసి పంపాను. మిగిలినదంతా తెలుగులో రాస్తున్నాను, అమ్మ చదువుకోవాలి కాబట్టి. చదివి, నేను తగ్గించి రాసినచోట ఆపుతుంది.

మనసు నిలకడగా లేదన్న ఆ వాక్యం తీసేస్తామని మ్యూజియం ఆవిడ రాసింది. తీసెయ్యొద్దన్నాను. కింద కనిపించేలా ఒక్క గీత కొట్టి అచ్చు వెయ్యమన్నాను. పక్కన ఏం వెయ్యాలో కూడా రాశాను. ఆ రోజు వాన, సున్నా. ఆవిడ చూసింది చూసినట్టు రాసింది. నీళ్లు పోసింది డాక్టరుగారి అబ్బాయి. దాని కింద నా పొడి అక్షరాలు.

ఆ సున్నా రాయడానికి నాకు నలభై ఏళ్ల పైన పట్టింది. ఆంటీ అయితే ఏడు దాటి అయిదు నిమిషాలకల్లా రాసేసేది.